టోపీ చాటు స్వరం

అకర్‌షా ఊళ్ళో నడిచే కాళ్ళలో సగం కాళ్ళకి బూట్లు ఏమోస్ టాటర్సాల్ చేసినవే. కర్రతో అడుగు చెక్కి, పైన తోలు బిగించి, కింద ఇనప నాడా కొట్టిన చెక్కబూట్లు. పొద్దున్నే మిల్లు కూత పెట్టగానే ఆ బూట్లన్నీ రాళ్ళ వీధిలో టకటకలాడుతూ పోతుంటే ఏమోస్ పక్క మీద నుంచే చెవి ఒగ్గేవాడు. "అదుగో, ఆ కుంటి చప్పుడు హానా ఎడమ కాలిది. నాడా వదులైంది. సాయంత్రానికి వస్తుంది చూడు," అనేవాడు పెళ్ళాంతో. సాయంత్రానికి హానా బూటు చేత్తో పట్టుకుని వచ్చేది.

చెవి అలాంటిది. ఆ చెవి చలవ వల్లే పగలంతా బూట్లు చెక్కే మనిషి పొద్దుగూకేసరికి ఆటపాటలు జరిగే ఆల్బియన్ హాల్లో మొదటి కార్నెట్, అంటే చిన్న ఇత్తడి బాకా, వాయించేవాడు. ఈ కథ నాటికి ఇరవై రెండేళ్ళుగా, వారానికి ఆరు రోజులు, రోజుకి రెండాటలు. స్టేజీ ముందు గుంటలో తొమ్మిది మంది వాద్యకారులు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే చోట ఎడమ పక్క చివరి కుర్చీ అతనిది. గ్యాలరీ జనం పైనుంచి విసిరే కమలాతొక్కలు ముందుగా పడేది ఆ కుర్చీ మీదే. అందుకని ఏమోస్ తన గుండ్రటి నల్లటోపీ ఎప్పుడూ ఒళ్ళోనే ఉంచుకునేవాడు, తొక్కలు రాగానే నెత్తిన పెట్టుకోవడానికి. ఆ టోపీకి ఇంకో పని కూడా ఉండేది, అది ముందు ముందు చెప్తాను.

ఏమోస్ గొప్పవాడేం కాదు. లండను మొహం చూడలేదు. అతని పేరు ఏ వాల్‌పోస్టరు మీదా పడలేదు. కానీ సోమవారం కొత్త పాట ఊళ్ళోకి వచ్చిందంటే, మంగళవారం మధ్యాహ్నానికి మగ్గాల దగ్గర ఆడవాళ్ళు దాన్ని పాడుకుంటూ ఉండేవాళ్ళు. మాటలు మరిచిపోయిన వాళ్ళు బూటు బాగుచేయించుకునే వంకతో దుకాణానికి వచ్చి, "రాత్రి ఆ పాట ఎలా పోతుందయ్యా?" అని అడిగేవాళ్ళు. ఏమోస్ సుత్తి పక్కన పెట్టి, గోడకి తగిలించిన కార్నెట్ తీసి వినిపించేవాడు. దుకాణంలో పని ఎప్పుడూ ఆలస్యమే. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

ఇక పళ్ళ సంగతి. మా వైపు మనిషికి ఇచ్చే బహుమానాల్లో పళ్ళని మించింది లేదు. ఉన్నవి బాగున్నా సరే, ఒక్కటి కూడా మిగల్చకుండా పీకించి, పైనా కిందా కొత్త సెట్టు కట్టించడం. ఆడపిల్లకి పెళ్ళికి ముందే తండ్రి ఆ పని చేయించి పంపుతాడు, ఇక జన్మలో పంటినొప్పి అనే మాటే ఉండదు. ఏమోస్ భార్య కెజియా అలా వచ్చిందే. నలభై ఆరేళ్ళు వచ్చినా ఆవిడ నవ్వితే పెళ్ళినాటి నవ్వే. ఏమోస్‌కి మాత్రం పుట్టుపళ్ళే గతి. వాటిలో నాలుగు ఎప్పుడో రాలిపోయాయి, మిగిలినవి మేమూ వస్తున్నాం అన్నట్టు కదులుతుండేవి. చలికాలం వస్తే లవంగనూనె సీసా పట్టుకుని పొయ్యి ముందు మూలుగుతూ కూర్చునేవాడు.

ఎడ్వర్డ్ రాజుగారు గద్దెనెక్కి ఆరేళ్ళయిన ఏడు, హాల్లో కరెంటు దీపాలూ ఎర్ర మఖమలు కుర్చీలూ పెట్టించడానికి యజమాని మే నెలాఖరు నుంచి పది వారాలు ఆటలు ఆపేశాడు. ఆ జూన్‌లోనే ఏమోస్, కెజియాల పెళ్ళికి పాతికేళ్ళు నిండాయి.

"గురువారం పళ్ళాయన దగ్గరికి వెళ్ళాలి. నేను మాట్లాడేశాను," అంది కెజియా, టీ పోస్తూ.

"ఏ పన్ను?"

"అన్నీ. పైవీ కిందవీ. మూడేళ్ళ నుంచి నీకు చెప్పకుండా కూడబెడుతున్నాను. పాతికేళ్ళకి నా బహుమానం అనుకో. ఇక ఆ లవంగాల కంపు నా దిండుకి అంటదు."

ఏమోస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకెందుకే ఇంత," అన్నాడు. నిజంగానే సంతోషించాడు పాపం. వీధి వీధంతా వచ్చి అభినందించింది. క్లారినెట్ వాయించే వాల్టర్ గ్రింషా అయితే, "మా ఆవిడ పెళ్ళిరోజుకి నాకు మేజోళ్ళు ఇచ్చింది. పెట్టి పుట్టాలి," అని నిట్టూర్చాడు.

నాకు ఇప్పటికీ ఆశ్చర్యం వేసేది ఇదే. ప్రతి ప్రార్థనా మందిరానికీ ఒక ఇత్తడి బ్యాండు ఉన్న ఊరు అది. ఊదేవాళ్ళు నూరు మందికి తక్కువ ఉండరు. కార్నెట్ ఊదేది పెదాలతోనే అయినా ఆ పెదాల వెనక గోడ పళ్ళేనని అంత మందిలో ఒక్కరికీ తట్టలేదు. ఏమోస్‌కే తట్టనప్పుడు ఇంకొకరిని అనడం దేనికి?

పీకించడం, చిగుళ్ళు మానడం, సెట్టు రావడం అయ్యేసరికి జులై మూడో వారం వచ్చింది. హాలు తెరవడానికి ఇంకా రెండు వారాలుంది. ఆ సాయంత్రం కొత్త పళ్ళు పెట్టుకుని, అద్దంలో మూడుసార్లు చూసుకుని, ఏమోస్ గోడ మీది కార్నెట్ తీసి నోటికి పెట్టి ఊదాడు. గాలి వచ్చింది. ఉత్త గాలి. నవ్వుకుని మళ్ళీ ఊదితే పైసెట్టు జారి కింది సెట్టు మీద టక్కున పడింది. మూడోసారి బాతు అరిచినట్టు ఒక కూత వచ్చింది. అప్పుడు ఏమోస్‌కి నవ్వు రాలేదు.

"ఏమైందయ్యా?" అని లోపలి నుంచి కేకేసింది కెజియా.

"ఎండలకి మీటలు బిగుసుకున్నాయి," అన్నాడు.

మర్నాటి నుంచి కార్నెట్‌ని బూట్ల సంచిలో దాచుకుని, ఊరి వెనక గుట్ట మీద తను పావురాలు పెంచే గుడిసెకి వెళ్ళడం మొదలెట్టాడు. పగలంతా మొహం మామూలుగా పెట్టుకోవడం, సందు దొరికితే గుట్ట ఎక్కడం. భయం పట్టుకుంది అతనికి. ఆ కుర్చీ పోతే తను బూట్లు చేసే ముసలాడు, అంతే. బూట్లు చెయ్యడం తప్పేం కాదు, కానీ ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దుగూకేసరికి అతను ఇంకో మనిషి అయ్యేవాడు. ఆ మనిషిని వదులుకోవడం అతని వల్ల కాదు. పోనీ పెళ్ళాంతో చెప్పుకుందామంటే, మూడేళ్ళు కూడబెట్టి ఇచ్చిన మనిషితో ఈ మాట ఏ నోటితో చెప్తాడు?

కెజియా చెవిటిదేం కాదు. నాలుగో రోజు టీ క్యాను పట్టుకుని గుట్టెక్కి, గుడిసె బయట నిలబడి ఆ బాతు కూతలన్నీ విని, తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

"నా బహుమానమే నీ నోరు నొక్కేసింది కదయ్యా," అని ఏడ్చింది.

"నీ తప్పేముందే? తడితే నాకు తట్టాలి. ఊదేది నేను కదా."

"మరి ఎందుకు దాచావు?"

"నువ్వు ఇలా బకెట్టు మీద కూర్చుని ఏడుస్తావనే."

కెజియా ఏప్రాను అంచుతో మొహం తుడుచుకుంది. ఏడుపు అయిపోయాక ఆవిడ బుర్ర బాగా పనిచేస్తుంది.

"బూటు కాలికి వదులైతే నువ్వేం చేస్తావు?"

"లోపల తోలు వేస్తాను."

"మరి?"

ఏమోస్ ఆవిడ వంక చూశాడు. ఆ సాయంత్రమే దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మెత్తటి మేకతోలు తీసి, ఉల్లిపొరంత పల్చగా చెక్కి, పైసెట్టు లోపలి గాడిలో సరిగ్గా కూర్చునేట్టు కత్తిరించాడు. అయిదు ముక్కలు పాడయ్యాయి. ఆరోది అతుక్కుంది. ఊదితే కింది స్వరాలు గరగరలాడుతూ వచ్చాయి. మర్నాటికి గరగర తగ్గింది. వారానికి మధ్య స్వరాలు పాత తియ్యదనంతో పలికాయి. కెజియా వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఒక్కో స్వరం వచ్చినప్పుడల్లా గిన్నె మీద గరిటెతో కొట్టేది.

అన్నీ వచ్చాయి, పైన రెండు తప్ప. అక్కడికి వెళ్ళేసరికి పెదవి ఎంత బిగించినా గాలే.

ఆ రెండూ రోజూ పడే స్వరాలేం కావు. కానీ హాలు తెరిచే వారం పెద్ద అక్షరాలతో పోస్టరు మీద పడ్డ పేరు ట్రిక్సీ వావసూర్‌ది. ఇప్పుడు టోపీ సంగతి చెప్పాలి.

ట్రిక్సీ చుట్టూ ఉన్న మూడు జిల్లాలకి ముద్దుబిడ్డ. ఆవిడ పేరు మోగించిన పాట ఒక మిల్లు పిల్లది. ప్రియుడు ఏటా సెలవులకి సముద్రం చూపిస్తానంటాడు, ఏటా ఏదో వంక చెప్తాడు. ఆఖరి చరణంలో పిల్ల విసిగిపోయి, ఒక్కత్తే రైలెక్కి, ఒక్కత్తే వెళ్ళి సముద్రం ముందు నిలబడుతుంది. ఆ "సముద్రం" అనే మాట మీద గొంతు అమాంతం పైకి లేచి నిలబడాలి. పదకొండేళ్ళ కిందట ఆల్బియన్‌లో ఒక రాత్రి ట్రిక్సీకి జలుబు. ఆఖరి చరణం దగ్గర పడుతుంటే ఆవిడ కళ్ళల్లో బెదురు ఏమోస్‌కి గుంటలోంచి కనిపించింది. ఆవిడ నోరు తెరిచిన క్షణంలోనే అతను ఒళ్ళోని టోపీ తీసి కార్నెట్ ముందువైపు వెడల్పాటి మూతికి అడ్డం పెట్టి, ఆ స్వరాన్ని సన్నగా, మనిషి గొంతేమో అన్నంత మెత్తగా వదిలాడు. గ్యాలరీ అంతా చెక్కబూట్లతో నేల అదిరేలా తొక్కింది. ట్రిక్సీ వంగి దండం పెట్టి వెళ్ళిపోయింది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు.

పాటగాళ్ళు ఊరూరా తిరుగుతారు, వాళ్ళ స్వరాల పుస్తకాలు వాళ్ళతోనే తిరుగుతాయి. ప్రతి ఊళ్ళోనూ అక్కడి బ్యాండు వాళ్ళ ముందు అవే పెడతారు. ఆ పుస్తకాల అంచుల్లో ఒక ఊరి వాయిద్యగాడు తరవాతి ఊరి వాడి కోసం పెన్సిలుతో చిన్న చిన్న మాటలు రాసిపెట్టడం రివాజు. 'రెండో చరణంలో తొందరపడుతుంది, చూసుకో' అని ఒకరు, 'ఇక్కడ నవ్వు ఆగేదాకా ఊదకు' అని ఇంకొకరు. మరుసటి ఏడు ట్రిక్సీ వచ్చినప్పుడు ఏమోస్ కార్నెట్ పుస్తకం తెరిస్తే, ఆఖరి చరణం కొసన ఎవరో పెన్సిలుతో చిన్న గుండ్రటి టోపీ బొమ్మ వేసి ఉంది. వేసిందెవరో ఏమోస్‌కి తెలుసు. అప్పటినుంచీ మా ఉత్తరాదిలో ఏ ఊరి కార్నెట్‌వాడైనా ఆ బొమ్మ చూడగానే టోపీ అడ్డం పెట్టి ఆ స్వరం ఊదుతున్నాడన్నమాట. జలుబు ఎప్పుడో తగ్గింది. ఆవిడకి ధైర్యం మాత్రం తిరిగి రాలేదు. ఇరవై రెండేళ్ళ కొలువులో ఏమోస్ లోలోపల గర్వపడే పని ఏదైనా ఉందంటే ఆ బొమ్మే.

ఇప్పుడు ఆ స్వరమే రాదు.

శనివారం బ్యాండు మాస్టారు లోమాక్స్ దుకాణానికి వచ్చాడు. బక్కపల్చని మనిషి, కూర్చోమన్నా కూర్చోడు.

"ఏమయ్యా ఏమోస్, నీ పళ్ళ గురించి ఊరంతా చెప్పుకుంటోంది."

"బాగున్నాయంటున్నారా మాస్టారూ?"

"బాగానే ఉన్నాయి. నాకు కావలసింది కార్నెట్. సోమవారం రిహార్సలుకి రైల్వే బ్యాండు ఫీల్డెన్‌ని కూడా రమ్మన్నాను. ఊరికే వెనక కూర్చుంటాడు. నువ్వు వాయిస్తే నీ కుర్చీ నీదే. ఎక్కడైనా తడబడ్డావో, నన్ను తప్పు పట్టకు. కొత్త కుర్చీలు, కొత్త దీపాలు. యజమాని నా నెత్తినెక్కి కూర్చున్నాడు."

సోమవారం పొద్దున్న హాలంతా కొత్త వార్నిషు వాసన. మా హాళ్ళలో రిహార్సలుకి ఒక కట్టుబాటు ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ పుస్తకాల కట్టని స్టేజీ అంచు దీపాల పక్కన వరసగా పెట్టాలి, ఆ వరసలోనే పిలుస్తారు. రాణీగారొచ్చినా ముందు పెట్టినవాడి తరవాతే. ఆ రోజు మొదట పెట్టింది సిగ్నోర్ బాల్దినీ అనే కుక్కల ఆటగాడు. అసలు పేరు ఫ్రాంక్, ఊరు స్టాక్‌పోర్ట్. రెండోది పళ్ళాలు తిప్పే అన్నదమ్ములు. ట్రిక్సీ వావసూర్ మూడోది. ఆవిడ కిక్కురుమనకుండా ముందు వరస కొత్త మఖమలు కుర్చీలో కూర్చుని, కాగితం పొట్లం విప్పి మాంసం కూరిన రొట్టె తింటోంది. వెనక వరసలో ఫీల్డెన్ మోకాళ్ళ మీద కార్నెట్ పెట్టె పెట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా ఇబ్బందిగా కూర్చున్నాడు.

కుక్కల పాటకి ఏమోస్ బాగానే వాయించాడు. పళ్ళాల పాటకీ బాగానే వాయించాడు. వాల్టర్ పక్కనుంచి మోచేత్తో పొడిచి, "పర్లేదే, పళ్ళు పాట నేర్చుకున్నాయి," అన్నాడు. లోమాక్స్ గడియారం చూసి అయిదు నిమిషాలు టీ అన్నాడు. తరవాత ట్రిక్సీ వంతు.

రిహార్సల్లో పాటగాళ్ళు గొంతు విప్పరు, పెదాలు కదుపుతారంతే. టోపీ స్వరం ఊదకపోయినా ఇప్పుడు ఎవరికీ తెలియదు. నోరు మూసుకుని కూర్చుంటే కుర్చీ నిలుస్తుంది. సాయంత్రం నిండు హాల్లో ట్రిక్సీ నోరు తెరుచుకుని ఒంటరిగా నిలబడుతుంది. అంతా ఆవిడ గొంతునే అనుకుంటారు తప్ప గుంటలో మనిషిని అనుకోరు. ఈ లెక్కంతా కొన్ని రోజులుగా ఏమోస్ బుర్రలో తిరుగుతూనే ఉంది. టీ చల్లారిపోయింది. లేచి, గుంట మెట్లెక్కి, ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"ట్రిక్సీగారూ, ఒక్క మాట."

"చెప్పన్నా. రొట్టె కావాలా?"

"వద్దమ్మా. మీ పాట ఆఖర్న, ఆ టోపీ బొమ్మ ఉన్న చోట... ఆ స్వరం నాకు ఈ వారం రాదు."

ఆవిడ నమలడం ఆపింది. "ఏ టోపీ?" అంది.

ఏమోస్ నేల చూపులు చూశాడు. "ఏదో లెండి. సాయంత్రం అక్కడ మీకు తోడు ఎవరూ ఉండరని ముందే చెప్పాలనిపించింది. చెప్పకుండా ఉండలేకపోయాను."

ట్రిక్సీ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. "నోరు తెరువు."

"ఆఁ?"

"తెరవమంటున్నా." తెరిచాడు. "ఎన్నాళ్ళయింది?"

"రెండు వారాలు. పెళ్ళికి పాతికేళ్ళని మా ఆవిడ..."

"నాకు ఇరవై ఒకటో పుట్టినరోజుకి మా నాన్న కట్టించాడు. ఆరు నెలలు నేను పాడితే పాటకన్నా పళ్ళ సందుల్లోంచి ఈలలే ఎక్కువ వచ్చేవి. మేనేజరు, అమ్మాయ్, నువ్వు పాడకు, పిట్టల కూతలు కుయ్యి అన్నాడు." ఆవిడ నవ్వి, వెనక్కి తిరిగి చూసింది. "ఆ మీసాలాయన ఎవరు?"

"ఫీల్డెన్ అని, రైల్వే బ్యాండు. నాకు చేతకాకపోతే ఆయన కూర్చుంటాడు."

"ఆయనకి ఆ స్వరం వస్తుందా?"

"శుభ్రంగా వస్తుంది. నేను విన్నాను."

అక్కడైనా ఒక చిన్న అబద్ధం ఆడొచ్చు కదా. ఆ విద్య కూడా తెలియని మనిషి. ట్రిక్సీ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. ఆవిడకి తేలికైన దారి కళ్ళ ముందే, వెనక వరసలో పెట్టెతో సహా కూర్చుని ఉంది. 'అతన్ని పెట్టండి' అని ఒక్క మాట అంటే చాలు, సాయంత్రానికి దిగులుండదు. లోమాక్స్ బెత్తంతో స్టాండు మీద కొట్టి పిలిచాడు. ఆవిడ రొట్టెని పొట్లంలో చుట్టి, వేళ్ళు తుడుచుకుని, స్టేజీ ఎక్కింది.

"మాస్టారూ, నా పాటకి శ్రుతి ఒకటిన్నర మెట్లు దించాలి."

గుంటలోంచి తొమ్మిది మూలుగులు వినిపించాయి.

"పదకొండేళ్ళ నుంచి ఈ శ్రుతిలోనే పాడుతున్నారు కదమ్మా," అన్నాడు లోమాక్స్.

"ఈ పదకొండేళ్ళూ నేనేమన్నా చిన్నదాన్నవుతూ వచ్చానా? వయసొచ్చింది. గొంతు కిందికి దిగింది. కావాలంటే పోస్టరు మీద వేయించండి, నాకేం సిగ్గు లేదు."

పోస్టరులో అందరికన్నా పైన ఉండే పేరు తన నోటితో 'వయసొచ్చింది' అనడం అక్కడెవరూ ఎప్పుడూ విని ఎరగరు. కుక్కలు కూడా నోరు మూసుకున్నాయి. ముందుగా తేరుకున్నది వాల్టరే.

"అదంతా బాగానే ఉందమ్మా. తొమ్మిది మందికీ కొత్త శ్రుతిలో స్వరాలు ఎవరు రాస్తారు?"

"నేను రాస్తాను," అన్నాడు ఏమోస్, లేచి నిలబడి. "మొదటి ఆటకి అందరి ముందూ ఉంటాయి."

లోమాక్స్ ఏమోస్‌ని చూశాడు, ట్రిక్సీని చూశాడు, ఆఖరికి ఫీల్డెన్‌ని చూసి ఇక అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఫీల్డెన్ హమ్మయ్య అనుకుని పెట్టె పట్టుకుని లేచాడు. వెళ్తూ వెళ్తూ గుంట కటకటాల మీదికి వంగి, "పళ్ళ కింద ఏ తోలు వేశారు?" అని గుసగుసగా అడిగాడు. "మా ఆవిడ నాకు కూడా కట్టించాలని డబ్బు దాస్తోంది."

"మేకతోలు. ఉల్లిపొరంత పల్చగా. దుకాణానికి రండి, నేను కోసిస్తాను," అన్నాడు ఏమోస్.

ఆ మధ్యాహ్నం చెక్కబూట్ల బల్ల మీద రంపాలూ మేకులూ పక్కకి పోయాయి. ఏమోస్ రాస్తున్నాడు, కెజియా ఒక్కో కాగితాన్ని పొయ్యి ముందు పట్టుకుని సిరా ఆరబెడుతోంది. వచ్చినవాళ్ళని "రేపు రండి" అని గుమ్మంలోంచే పంపేస్తోంది. ఏడు పుస్తకాలయ్యాక కార్నెట్ పుస్తకం దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"ఈ టోపీ బొమ్మేమిటయ్యా?"

ఏమోస్ చెప్పాడు. మొదటి రాత్రి నుంచీ మొత్తం చెప్పాడు. కెజియా విన్నంత సేపూ విని, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పదకొండేళ్ళ నుంచి నాకు చెప్పకుండా ఇంకో ఆడదాని గొంతులో ఊదుతున్నావన్నమాట."

"ఏడాదికి ఒక్క వారమేనే."

"పోనీలే. దాని రొట్టెలో సగమన్నా పెట్టిందా?"

"పెట్టబోయింది. నేనే వద్దన్నాను."

"అదొక్కటి తెలివైన పని," అంది కెజియా. తరవాత మెల్లిగా అడిగింది. "ఇప్పుడు దించేశారు కదా, ఈ కొత్త శ్రుతిలో ఆ స్వరం నీకు అందుతుందా?"

ఏమోస్ గోడ మీది కార్నెట్ తీసి, టోపీ అడ్డం పెట్టి ఊదాడు. అందింది. సన్నగా, కాస్త వణుకుతూ, అందింది. కెజియా గరిటె వెతకలేదు, కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడు ఏమోస్ కొత్త కాగితం మీద కూడా, అదే చోట, జాగ్రత్తగా టోపీ బొమ్మ వేశాడు.

మొదటి ఆటకి హాలు కిటకిటలాడింది. కొత్త కరెంటు దీపాలు వెలగగానే జనం పాటకి కొట్టినట్టు చప్పట్లు కొట్టారు. కెజియా గ్యాలరీ ముందు వరసలో, కటకటాల మీద మోచేతులు ఆనించి కూర్చుంది. కుక్కలు ఆడాయి, పళ్ళాలు తిరిగాయి, ఒకటి పగిలింది. స్టేజీ పక్క చట్రంలో ఎవరి వంతో చూపే అంకె మారింది. ట్రిక్సీ వావసూర్ మిల్లు పిల్ల వేషంలో, తల మీద శాలువా కప్పుకుని, ఏమోస్ దుకాణంలో చేసిన చెక్కబూట్లలాంటి బూట్లు వేసుకుని వచ్చింది.

మొదటి చరణం నవ్వుల్లో పోయింది. రెండో చరణానికి జనమే పల్లవి అందుకున్నారు. ఆఖరి చరణంలో పిల్ల ఒక్కత్తే రైలెక్కింది. ఏమోస్ ఒళ్ళోని టోపీ తీసి కార్నెట్ మూతికి అడ్డం పెట్టాడు. నాలుకతో తోలుముక్క సర్దుకున్నాడు. పైకి చూస్తే ఆవిడ కళ్ళల్లో పదకొండేళ్ళ కిందటి బెదురే కనిపించింది. ఊపిరి తీసుకున్నాడు. ఆవిడ నోరు తెరిచింది.

ఏమోస్ ఇంకా ఊదలేదు. స్వరం వచ్చేసింది.

గొంతుదే. నిండుగా, గుండ్రంగా, ఏ సాయం లేకుండా హాలు పైకప్పు దాకా వెళ్ళి నిలబడింది. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ట్రిక్సీయే. పాడుతూనే కళ్ళు పెద్దవి చేసి గుంటలోకి చూసింది, ఇది నువ్వా అన్నట్టు. ఏమోస్ కార్నెట్‌ని మోకాలి మీదికి దించి, టోపీ పక్కన పెట్టి, రెండు చేతులూ ఖాళీగా చూపించాడు. ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, అయినా స్వరం వదల్లేదు. లోమాక్స్ బెత్తం గాల్లోనే ఆగిపోయింది. వాల్టర్ తరవాత ఒట్టేసి చెప్పేవాడు, ఆ మధ్యలో తను ఒక తుమ్ము తుమ్మి ముక్కు కూడా తుడుచుకున్నానని. ఆవిడ వదిలేసరికి గ్యాలరీలో బూట్ల మోతకి కొత్త దీపాలు ఊగాయి. ఏమోస్ ఆ మోతలో కెజియా బూట్లని విడిగా గుర్తుపట్టాడు.

ఆ వారం పన్నెండు ఆటల్లోనూ టోపీ ఏమోస్ ఒళ్ళోంచి కదల్లేదు. శనివారం రెండాటల మధ్య, పుస్తకాలు వెనక్కి ఇచ్చేముందు, పెన్సిలు తీసి టోపీ బొమ్మ మీద ఒక గీత కొట్టి పక్కన ఇలా రాశాడు: 'అకర్‌షా. ఇక్కడ ఊదకండి. ఆవిడకే వస్తుంది.'

తరవాత ఏమోస్ ఆ కుర్చీలో ఇంకా తొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. ఫీల్డెన్‌తో మొదలుపెట్టి చుట్టుపక్కల ఊళ్ళ ఊదేవాళ్ళందరికీ పళ్ళ కింద తోళ్ళు కోసిచ్చాడు. దుకాణం అద్దాల కిటికీలో బూట్ల పక్కన ఆ తోళ్ళ నమూనా కూడా వేలాడేది. ట్రిక్సీ మళ్ళీ అకర్‌షా వచ్చింది రెండేళ్ళ తరవాత. సోమవారం రిహార్సల్లో ఏమోస్ తన దస్తూరీలోనే ఉన్న పుస్తకం తెరిచాడు. కొట్టేసిన టోపీ కింద, తను రాసిన మాట కింద, వేరే వేరే చేతులతో పెన్సిలు రాతలు బారుగా దిగి ఉన్నాయి.

'బోల్టన్. నిజమే.'

'బరీ. నమ్మక టోపీ పట్టుకుని కూర్చున్నాను. నిజమే.'

'ప్రెస్టన్. నిజమే. మా ఆవిడ ఏడ్చింది.'

అప్పటికి ఏమోస్‌కి పై రెండు స్వరాలూ తిరిగి వచ్చేశాయి, కావాలంటే ఏ శ్రుతిలోనైనా ఊదగలడు. ఆ సాయంత్రం ఆఖరి చరణం వచ్చినప్పుడు అతను కార్నెట్ మోకాలి మీద పెట్టుకుని, ఊళ్ళో వాళ్ళందరిలాగే నోరు తెరుచుకుని, కొత్త పళ్ళన్నీ కనిపించేలా పైకి చూస్తూ కూర్చున్నాడు.